వీసాలు లేవు

సోమవారం పొద్దున మునికుమార్ అనుకున్న పనులు రెండే. పదింటిలోగా స్టూడియోకు కొత్త బోర్డు రాయించడం ఒకటి. మధ్యాహ్నం ఇంటికి పోయి రాగిసంగటి, ఊరిబిండి తిని గంటసేపు నడుం వాల్చడం రెండోది. మొదటిది సగమే అయింది. రెండోది ఆ వారమంతా కుదరలేదు.

తిరుపతిలో తిరుచానూరు రోడ్డు మీద అతనికో ఫోటో స్టూడియో ఉంది. భార్య కృపామణి పేరు మీద దానికి కృపా స్టూడియో అని పేరు పెట్టాడు. పదిహేనేళ్లుగా పెళ్లిళ్లతో, సీమంతాలతో, కొండ దిగి వచ్చిన కుటుంబాల గ్రూపు ఫోటోలతో అది సాఫీగా నడిచింది. పందొమ్మిది వందల తొంభై ఏడు వచ్చేసరికి చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎవరిని కదిపినా కువైట్ మాటే. వంటమనిషి, డ్రైవరు, మేస్త్రీ, ఎవరు బయలుదేరినా పాస్‌పోర్టుకు, వీసాకు ఫోటోలు కావాలి. ఆ సంగతి బోర్డు మీద రాయిస్తే బాగుంటుందని సలహా ఇచ్చింది కృపామణే. ఆ మాట తరువాత ఆమె ఒక్కసారి తప్ప ఎవరి ముందూ ఒప్పుకోలేదు.

బోర్డులు రాసే చిన్నబ్బ తెల్లవారకముందే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. అతనిది గొప్ప చెయ్యి. మొండి చెయ్యి కూడా. తెల్లరంగుతో రాయవలసిన మాటలన్నీ ముందు రాస్తాడు. అవి పూర్తిగా ఆరేదాకా ఎర్రరంగు డబ్బా మూత తీయడు. 'సైజు ఫోటోలు' అనే రెండు మాటలూ ఎర్రగా, పెద్దగా, బస్సులో పోయేవాడికి కూడా కనపడేలా ఉండాలని కోరింది మునికుమార్. అందుకని చిన్నబ్బ ఆ రెండు మాటలకు చోటు వదిలి, మిగిలినదంతా రాసి కిందికి దిగి, కుంచెలు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

"అదేందప్పా, అప్పుడే కడిగేస్తా ఉండావు? ఎరుపెప్పుడు?"

"తెలుపు ఆరాల. ఆరకముందే పెడితే రెండూ కలిసి గులాబీ అయితాది. నీది ఫోటో స్టూడియోనా, పూలంగడా?"

"సరే, మధ్యాన్నం రా."

"మధ్యాన్నానికి నేను తడలో ఉంటా. మా బామ్మర్ది ఇంట్లో సీమంతం. ఎల్లుండి పొద్దునకంతా వచ్చేస్తాలే. ఒక్క రెండు మాటలే కదా, లోకం మునిగిపోతాదా?"

చిన్నబ్బ సైకిలుకు నిచ్చెన కట్టుకుని వెళ్లిపోయాడు. మునికుమార్ రోడ్డుకు అవతలి వైపు నిలబడి బోర్డు చూసుకున్నాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అప్పుడే కృపామణి ఇంటి నుంచి కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. ఆమె కూడా తలెత్తి గట్టిగా చదివింది.

"కువైట్, దుబాయ్ వెళ్లువారికి పాస్‌పోర్ట్, వీసా ఒక్క గంటలో ఇవ్వబడును. ఏమయ్యా, మనం ఎప్పటి నుంచి వీసాలు ఇస్తా ఉండాము?"

"మధ్యలో ఖాళీ కనపడలే నీకు? అక్కడ సైజు ఫోటోలు అని వస్తాది."

"వస్తాది. ఎప్పుడొస్తాది?"

"ఎల్లుండి. అయినా లోపల గోడ నిండా ఫోటోలు ఏలాడతా ఉండాయి. తలుపు మీద కెమెరా బొమ్మ ఉండాది. కండ్లుండే మనిషికి అర్థం కాదా?"

"కండ్లుండే మనిషికి అర్థమైతాది. కువైటు పోవాలనుకునే మనిషికి కాదు" అంటూ కృపామణి కౌంటరు దగ్గర కూర్చుని, నిన్నటి ఫోటోలు కత్తిరించడం మొదలుపెట్టింది.

మొదట వచ్చింది చెంగమ్మ. పాకాల దగ్గరి పల్లె ఆమెది. పెళ్లిళ్లకు వంటలు చేస్తుంది. ఐదు వందల మందికి ఒంటిచేత్తో సాంబారు కాచగల మనిషి. కువైట్‌లో ఒక ఇంట్లో నలుగురికి వండిపెడితే చాలని విని ఆమెకు నవ్వొచ్చింది, ఆశ కూడా పుట్టింది. రాత్రిబడిలో ఈ మధ్యే చదువు నేర్చుకున్నది కాబట్టి రోడ్డు మీద కనిపించిన ప్రతి బోర్డునూ చదవకుండా వదలదు. ఈ బోర్డును అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివి, గబగబా మెట్లెక్కింది.

"అన్నా, ఈసా ఇస్తారంట కదా?"

"వీసా కాదమ్మా, ఫోటో."

"తెలుసులే అన్నా. ఫోటో ముందు, ఈసా వెనక. యోగానంద కూడా అట్లే చెప్పినాడు. ఫోటోలూ పాస్‌పోర్టూ తీసుకుని ఎనిమిది నెలలయింది, వెనకాలది ఇంగా రాలే. నువ్వు గంటలో ఇస్తావంటే ఆ మనిషితో నాకేం పని?"

గల్ఫ్ యోగానంద పేరు మునికుమార్ విన్నదే. బస్టాండు వెనక సందులో, బోర్డు లేని గదిలో కూర్చుని, మనుషులను గల్ఫ్‌కు పంపిస్తానని పాస్‌పోర్టులు పోగుచేస్తుంటాడు. పంపినవాళ్లు ఎవరో ఎవరికీ తెలియదు. నల్లకళ్లద్దాలు మాత్రం దుబాయ్‌వే అంటాడు.

"అమ్మా, నేను ఫోటోలు తీసేవాణ్ణి. నాకు వీసాలతో సంబంధం లేదు" అన్నాడు మునికుమార్, చేతులు జోడించి.

చెంగమ్మ అతణ్ణి మెచ్చుకోలుగా చూసింది. "బయట ఎవురికీ చెప్పనులే" అంది.

చెప్పలేదు కూడా. బయటికి పోయి, తిరుచానూరు బస్సు కోసం నిలబడ్డ తన ఊరి వాళ్లు ముగ్గురికి మాత్రం చెప్పింది. పదిన్నరకు స్టూడియో ముందు పాతికమంది ఉన్నారు. పదకొండింటికి అరవైమంది. అమ్మవారి గుడికి పోయే బస్సులోని కండక్టరు ఆ చోటికి రాగానే "వీసాల అంగడి, దిగేవాళ్లు దిగండప్పా" అని అరవడం మొదలుపెట్టాడు.

"బోర్డు మీద ఏదన్నా గుడ్డ కప్పవయ్యా సామీ!" అంది కృపామణి.

మునికుమార్ లోపలికి పరుగెత్తి చేతికందిన పెద్ద గుడ్డ తెచ్చి, కుర్చీ మీద కుర్చీ వేసుకుని ఎక్కి, బోర్డు మీద పరిచి నాలుగు మూలలా మేకులు కొట్టాడు. దిగి చూసేసరికి జనం చప్పట్లు కొడుతున్నారు. అది ఫోటోలకు వెనక కట్టే తెర. దాని మీద నీలి ఆకాశం, తెల్లమబ్బులు, వాటి మధ్య నుంచి పైకి లేస్తున్న పెద్ద విమానం.

"ఏమాను బొమ్మ కూడా పెట్టినారురా! అంటే టిక్కెట్టు కూడా వీళ్లదే" అన్నాడు వరుసలో ఒకాయన.

"మరి రాసిందాన్ని ఎందుకు మూసినారంటావు?"

"రద్దీ ఎక్కువైంది కదా. మన మాదిరి ముందొచ్చినోళ్లకే ఇస్తారు."

తెరను తీస్తే వీసా కనిపిస్తుంది, తీయకపోతే విమానం కనిపిస్తుంది. మునికుమార్ ఒక అట్టముక్క తీసుకుని, నల్లసిరాతో పెద్ద అక్షరాలతో 'వీసాలు లేవు' అని రాసి తలుపుకు తగిలించాడు. ఇంతకంటే సూటిగా ఎవరూ రాయలేరని అతని నమ్మకం. ఆ నమ్మకం ఒక నిమిషం నిలిచింది.

"లేవంట!"

"అయిపోయినాయంట!"

"నేను చెప్పలే? పొద్దున బస్సుకు రమ్మంటే నువ్వు చద్దన్నం తినందే కదల్లేదు. ఇప్పుడు చూడు!"

చౌకదుకాణం ముందు 'కిరోసిన్ లేదు' అన్న అట్టను జన్మంతా చూసిన జనం వాళ్లు. లేదు అంటే నిన్నటిదాకా ఉందని, ఓపిగ్గా నిలబడితే రేపు మళ్లీ వస్తుందని వాళ్లకు బాగా తెలుసు. ఒక పెద్దాయన తలుపు సందులోంచి తొంగి చూసి, "లోడు ఎప్పుడొస్తాదబ్బా?" అని మర్యాదగా అడిగాడు.

మునికుమార్ నెత్తి పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. కృపామణి కత్తెర కింద పెట్టి ఆలోచించింది.

"ఇదో, నువ్వు వద్దనేకొద్దీ వాళ్లు కదలరు. ఒక పని చెయ్యి. అందరికీ ఫోటోలు తీసెయ్యి. చేతిలో ఏదో ఒకటి పడితే మనిషి ఇంటికి పోతాడు. మనం ఫోటోలోళ్లం అని కూడా తెలుస్తాది."

సలహా బాగానే ఉంది. కువైట్‌కు, దుబాయ్‌కు ఏజెంట్లు అడిగే ఫోటోల కొలతలు వేరు కాబట్టి మునికుమార్ గడపలో నిలబడి, "కువైట్ పోయేవాళ్లంతా ఇటు, దుబాయ్ వాళ్లంతా అటు!" అని కేకేశాడు. జనం ఒక్క నిమిషంలో రెండు వరుసలయ్యారు. ఫోటోలు ఎవరివి ఎవరికి ఇవ్వాలో తెలియాలి కాబట్టి కృపామణి ఒక నోటుబుక్కు తెరిచి పేరు, ఊరు, వెళ్లే దేశం రాసుకోసాగింది. కెమెరా టకటకమంటోంది. పని ఇంత జోరుగా సాగి ఎన్నాళ్లో అయింది. మునికుమార్ మెల్లగా ఈల కూడా వేశాడు.

పన్నెండున్నరకు కువైట్ వరుసలోంచి ఒక గుండు మనిషి లోపలికి వచ్చాడు. తెల్లపంచె, నున్నటి గుండు మీద ఆరిన చందనం, ఒక చేతిలో లడ్డూల సంచి, చంకలో తోలుసంచి. తిరుపతిలో గుండును ఎవరూ తలతిప్పి చూడరు. మునికుమార్ కూడా చూడలేదు.

ఆయన పేరు సుబ్రమణ్యం. విదేశాలకు పనివాళ్లను పంపే ఏజెన్సీల మీద అజమాయిషీ చేసే కేంద్రప్రభుత్వ కార్యాలయంలో అధికారి. తిరుపతిలో ఎవరో లైసెన్సు లేని ఏజెంటు జనం పాస్‌పోర్టులు పోగుచేస్తున్నాడని ఫిర్యాదు అందితే విచారించడానికి హైదరాబాదు నుంచి వచ్చాడు. వచ్చినవాడు పనిలో పనిగా తెల్లవారుజామునే మొక్కు తీర్చుకుని కొండ దిగాడు. ఏజెంటుకు బోర్డు లేదని ఫిర్యాదులో ఉంది కాబట్టి వెతకడానికి వారం పడుతుందనుకున్నాడు. అలిపిరి దగ్గర ఆటోవాణ్ణి కదిపితే, "వీసాల అంగడా సార్? ఎక్కండి" అన్నాడు.

"కువైటే కదా సార్?" అని మునికుమార్ అతణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, గుండు మెరవకుండా చందనం కాస్త తుడిచాడు.

"ఏది త్వరగా అవుతుంది?"

"రెండూ గంటే సార్. కొలతలే తేడా." మునికుమార్ అతని భుజాలు పట్టి నిటారుగా కూర్చోబెట్టాడు.

"మీకు లైసెన్సు ఉందా?"

"లేకుంటే ఎట్ల సార్? మున్సిపాలిటీది ఉండాది. గోడకు తగిలించినాను, చూడండి."

"మున్సిపాలిటీ ఇచ్చిందా!"

"ఏటేటా ఇస్తాది."

సుబ్రమణ్యం తోలుసంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. "ఈ రోజు ఎంతమందిని పంపారు?"

"పొద్దుటి నుంచి నలభై మందిని పంపించేసినా సార్. బయట ఇంకో ఎనభై మంది ఉండారు. సందేళకంతా వాళ్లను కూడా పంపించేస్తా. గడ్డం కొంచెం పైకి."

"వెళ్లినవాళ్లు ఎవరైనా తిరిగొచ్చి గొడవ చేశారా?"

"రాకుండా ఉంటారా? మొగం నల్లబడిందంటారు. ఒక చెవి లేదంటారు."

"చెవి లేదా?"

"కత్తిరించేటప్పుడు పోతాది సార్. మా ఇంటామె కత్తెర పట్టుకుంటే అంతే."

సుబ్రమణ్యం మెడ తిప్పి కౌంటరు వైపు చూశాడు. కృపామణి పెద్ద కత్తెరతో దేనినో శ్రద్ధగా కత్తిరిస్తోంది.

"మెడ తిప్పొద్దు సార్. నవ్వండి."

సుబ్రమణ్యం నవ్వలేదు. ఫ్లాష్ మెరిసింది. ఆయన లేచి, తోలుసంచి తెరిచి గుర్తింపుకార్డు తీసి మునికుమార్ ముక్కు ముందు పట్టుకున్నాడు.

"పంతొమ్మిది వందల ఎనభైమూడు ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా మనుషులను విదేశాలకు పనికి పంపడం నేరం. జైలు దాకా పోతుంది. ఆ నోటుబుక్కు ఇలా ఇవ్వండి. పేరు, ఊరు, వెళ్లే దేశం... పద్ధతిగానే రాశారు."

మునికుమార్‌కు జైలు అన్న మాట ఒక్కటే వినిపించింది. మిగిలినదంతా చెవుల్లో హోరు. తడలో సీమంతం, ఎర్రరంగు, గులాబీ అవుతుందన్న భయం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడేలా చెప్పుకొచ్చాడు. సుబ్రమణ్యాన్ని బయటికి తీసుకుపోయి, తెర ఒక మూల ఊడబెరికి బోర్డు చూపించాడు. విమానం పక్కకు జరగడం చూసి అంగడి మళ్లీ తెరిచారనుకుని జనం ఈలలు వేశారు.

"ఖాళీ ఉంది, నిజమే" అన్నాడు సుబ్రమణ్యం, పరిశీలనగా. "అందులో ఏం రావాలో ఖాళీ చెప్పదు కదా. ఆ చిన్నబ్బను పిలిపించండి."

"తడలో ఉండాడు సార్!"

"అదే చెప్తున్నాను. సాక్షి లేడు."

ఇద్దరూ లోపలికి వచ్చారు. సుబ్రమణ్యం కాగితం తీసి వాంగ్మూలం అని పైన రాసి కింద గీత గీశాడు. కృపామణి లేచి వచ్చి భర్త పక్కన నిలబడింది. "నేను పోతా సార్ జైలుకు. బోర్డు రాయించమనింది నేనే" అంది నెమ్మదిగా. పెళ్లయిన పదహారేళ్లలో ఆమె తప్పు ఒప్పుకోవడం మునికుమార్ చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

సరిగ్గా అప్పుడు తలుపు దఢాలున తెరుచుకుంది. నల్లకళ్లద్దాలు, పట్టుచొక్కా, చేతిలో ఉబ్బిన పెద్ద సంచి. గల్ఫ్ యోగానంద. పొద్దుటి నుంచి అతని గదికి ఒక్క కొత్త మనిషీ రాలేదు. వచ్చిన ఇద్దరూ పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చెయ్యమని అడగడానికి వచ్చారు. ఆ తరువాత ఇంకా వస్తారని, పాస్‌పోర్టులన్నీ సంచిలో వేసుకుని, ముందు పోటీవాడి అంతు తేల్చుకుందామని బయలుదేరాడు.

"ఏమప్పా మునికుమారూ! ఫోటోలు తీసుకునేటోడివి గమ్మునుండక నా మనుషులనే లాక్కుంటావా? ఈ యాపారం అంటే ఏమనుకున్నావు? లైసెన్సు ఉండాల, లైసెన్సు! ఢిల్లీ నుంచి రావాల!"

సుబ్రమణ్యం కలం ఆగింది. వరుసలో నిలబడ్డ గుండు మనిషిలాగే అమాయకంగా తలెత్తాడు. "మీకు ఉందా అండీ?"

"లేకనే ఎనిమిదేండ్ల నుంచి చేస్తా ఉండానా సామీ?"

"నెంబరు చెప్పగలరా? మా వాళ్లకు నమ్మకం కుదరాలి కదా."

యోగానంద నెంబరు అడుగుతారనుకోలేదు. కళ్లు ఇటూ అటూ పరుగెత్తి, తెరిచిన తలుపులోంచి రోడ్డు మీదికి పోయి అక్కడ ఆగాయి. "ఏపీ జీరో త్రీ సీ, నాలుగువేల రెండు వందల పదకొండు" అన్నాడు గుక్క తిప్పుకోకుండా.

సుబ్రమణ్యం రాసుకున్నాడు. కృపామణి కూడా తలుపులోంచి చూసింది.

"అది బయట నిలబెట్టిన నీ స్కూటరు నెంబరు కదప్పా" అంది.

వరుసలో నవ్వు పుట్టి రోడ్డు అవతలిదాకా పాకింది. సుబ్రమణ్యం కార్డు తీసి తానెవరో చెప్పి, సంచి తెరవమన్నాడు. యోగానంద రెండడుగులు వెనక్కి వేశాడు. మూడో అడుగు హెడ్‌కానిస్టేబుల్ మునిరామయ్య బూటు మీద పడింది. స్టూడియో ముందు జనం వల్ల బస్సులు ఆగిపోయాయని కబురందితే, వాళ్లను చెదరగొట్టడానికి అతను అప్పుడే వచ్చాడు.

యోగానంద గడుసువాడు. పడిన చోటే లేచాడు. "అన్నా, సమయానికి వచ్చినావు! ఈ గుండాయన ఎవురో దొంగ ఆఫీసరన్నా. కార్డు చూపించి బెదిరిస్తా ఉండాడు. నువ్వే చూడు ఆ కార్డు!"

మునిరామయ్య కార్డు అందుకున్నాడు. కార్డులోని మనిషికి నొక్కులనొక్కుల జుట్టు నుదుటి మీద పడుతోంది. పెదవి మీద మీసం పొదలా ఉంది. ఎదురుగా ఉన్న మనిషికి రెండూ లేవు. మునిరామయ్య కార్డును దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇది నువ్వు కాదే" అన్నాడు చివరికి.

"పొద్దున తలనీలాలు ఇచ్చానండీ! మీసం కూడా తీయించాను!"

"అందరూ ఇస్తారు సామీ. మా ఊళ్లో దినానికి ఎన్ని వేల గుండ్లు చూస్తాను నేను! దొరికిన ప్రతి కార్డూ ఏదో ఒక గుండుకు సరిపోతాది. నడు స్టేషనుకు. ఆడ తేలుస్తాం."

యోగానంద తన సంచి ఎత్తుకుని, "నేను పొయ్యొస్తానన్నా, పని ఉండాది" అంటూ తలుపు వైపు జరగసాగాడు.

మునికుమార్‌కు ఒక్కసారిగా ఊపిరాడింది. ఈ గుండాయన స్టేషనుకు పోతే ఆ వాంగ్మూలం కాగితమూ పోతుంది. జైలు లేదు, కేసు లేదు. ఎల్లుండి చిన్నబ్బ వస్తాడు, రెండు మాటలు రాస్తాడు, అంతా సర్దుకుంటుంది. తను చేయవలసిందల్లా నోరు మూసుకోవడం. నోరు మూసుకోవడం అతనికి చేతనైన పనే.

అప్పుడే వరుస ముందు, గడప లోపల చెంగమ్మ కనిపించింది. ఆమె కళ్లు యోగానంద చేతిలోని సంచి మీదే ఉన్నాయి. ఎనిమిది నెలలుగా కంటపడని తన పాస్‌పోర్టు ఆ బట్ట వెనకాలే ఉందని, ఇప్పుడు గడప దాటితే ఇక కంటపడదని ఆమెకు తెలుసు. మునికుమార్ భార్య వైపు చూశాడు. కృపామణి తలుపు గడియ పెట్టి దానికి వీపు ఆనించి నిలబడింది, అంతే.

"రామయ్యన్నా, ఉండు" అన్నాడు మునికుమార్. "ఆయన నిజం ఆఫీసరే."

"నీకెట్ల తెలుసు?"

"నా పనే మొగాలు చూసేది. ఒక్క ఐదు నిమిషాలు ఆ స్టూలు మీద కూర్చోబెట్టనీ."

లోపల ఒక ట్రంకుపెట్టె ఉంది. కొండ మీద గుండు చేయించుకున్న పిమ్మట, పెళ్లిచూపులకు పంపడానికి ఫోటో కావాలని వచ్చేవాళ్లు తిరుపతిలో ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కోసం మునికుమార్ దాచిన నాటకాల విగ్గులు అందులో నాలుగున్నాయి. వాటిలో నొక్కుల విగ్గు తీసి దులిపాడు. సుబ్రమణ్యం దానిని చూసి వెనక్కి జరిగాడు.

"నేను కేంద్రప్రభుత్వ అధికారినండీ."

"అది రుజువు కావాలనే కదా సార్" అన్నాడు మునికుమార్ ప్రాధేయపడుతూ.

విగ్గు తల మీద కూర్చుంది. కృపామణి కాటుకబరిణె తెచ్చి, కార్డులో చూసి మీసం దిద్దింది. ఎడమవైపు కొంచెం ఎక్కువైతే చీరకొంగుతో తుడిచింది. మునికుమార్ లైటు వేసి, గడ్డం పట్టుకుని ముఖాన్ని కార్డులో ఉన్న కోణానికి తిప్పాడు. జనం కిటికీలకు అతుక్కుపోయారు. మునిరామయ్య కార్డు చూశాడు. స్టూలు చూశాడు. మళ్లీ కార్డు చూశాడు.

"చెవులు సూడన్నా. జుట్టు పోతాది, మీసం పోతాది, చెవులు యాడికి పోతాయి? కుడిదానికి కింద నొక్కు ఉండాది. ఆడా ఉండాది, ఈడా ఉండాది" అన్నాడు మునికుమార్.

మునిరామయ్య బూట్లు టక్కున కలిశాయి. చెయ్యి టోపీ దగ్గరికి లేచింది. "నమస్కారం సార్!" అన్నాడు విగ్గుకు. సుబ్రమణ్యం విగ్గు తీసి పక్కన పెట్టేసరికి ఆ చెయ్యి ఏం చేయాలో తెలియక సగం దూరంలో ఆగిపోయింది.

ఈ సందడిలో యోగానంద చీకటిగదిలోంచి వెనక దారి ఉంటుందేమోనని దూరాడు. దారి లేదు. ఫోటోలు కడిగే నీళ్ల తొట్టి ఉంది. అతను తడిసిన పట్టుచొక్కాతో బయటికి వచ్చేసరికి, తొందరలో గుమ్మం దగ్గర జారవిడిచిన సంచి అక్కడే ఉంది. దాని మీద చెంగమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"లెయ్ చెంగమ్మా! అది నా సంచి!"

"కూర్చుంటా. నా పాస్‌పోర్టు నా చేతికొచ్చినాకే లేచేది. ఎనిమిది నెలలు నన్ను కూర్చోబెట్టలే నువ్వు?"

సంచిలో నలభైమూడు పాస్‌పోర్టులు దొరికాయి. సుబ్రమణ్యం ఒక్కొక్క పేరే చదివాడు. వరుసలో నిలబడినవాళ్లలో పదిహేడుమందివి అక్కడికక్కడే వాళ్ల చేతికి చేరాయి. మిగిలినవాళ్లకు కబుర్లు పోయాయి. ఆ తరువాత ఆయన స్టూడియో మెట్ల మీద నిలబడి, కాటుకమీసం తుడుచుకోవడం మరిచిపోయి, అరగంటసేపు మాట్లాడాడు. ఏజెంటు ఎవరైనా సరే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని ముందు అడగాలని, జీతమెంతో, పనేమిటో రాసిన ఒప్పందం చేతికి రాకుండా విమానం ఎక్కవద్దని, పాస్‌పోర్టు ఎవరి దగ్గరా ఊరికే వదలవద్దని చెప్పాడు. అప్పటికి చాలా సర్కారు ప్రసంగాలు విన్న జనం కూడా ఈ ఒక్కటి మాత్రం చివరిదాకా విన్నారు, మీసం కోసమైనా సరే. అయిపోయాక లడ్డూలు పంచాడు.

"సార్, మరి వీసాలు?" అన్నాడు పొద్దుటి పెద్దాయన, చేతిలో లడ్డూ ముక్కతో.

"లేవు" అన్నారు మునికుమార్, కృపామణి, సుబ్రమణ్యం, మునిరామయ్య ఒకేసారి.

యోగానంద మీద ఫిర్యాదు ఇచ్చే ప్రతి మనిషీ అర్జీకి ఫోటో అంటించాలి కాబట్టి ఆ వారమంతా కృపా స్టూడియోలో ఊపిరాడలేదు. బుధవారం చిన్నబ్బ తడ నుంచి వచ్చి, ఎర్రరంగు డబ్బా తెరిచి, ఏమీ జరగనట్టు రెండు మాటలూ రాసిపోయాడు. చెంగమ్మ ఆరునెలల తరువాత, రిజిస్టరైన ఏజెన్సీ ద్వారా, ఒప్పందం కాగితం మడిచి రవికలో పెట్టుకుని కువైట్ వెళ్లింది. అక్కడి యజమానురాలు సాంబారు తాగి ఆమె జీతం పెంచిందని ఉత్తరం రాసింది. అక్షరాలు గుండ్రంగా, తప్పుల్లేకుండా ఉన్నాయి.

సుబ్రమణ్యం వెళ్లే రోజు మునికుమార్ చెయ్యి పట్టుకుని, "మీ మీద కేసు ఉండదు. కానీ బోర్డు విషయం నా నివేదికలో రాయక తప్పదు. ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తుంది, జవాబు రాసి పంపండి. భయపడవద్దు" అన్నాడు. కాగితం నెలకు వచ్చింది. సదరు బోర్డు గురించి పదిహేను రోజుల్లోగా వివరణ ఇవ్వాలని, వివరణ ఇచ్చేవారి పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు రెండు దానికి జతపరచాలని అందులో ఉంది. కృపామణి కెమెరా పట్టుకుని ఆరుసార్లు నొక్కింది. ఆరు ఫోటోల్లోనూ మునికుమార్ గడ్డం నుంచి కిందికే పడ్డాడు.

పదిహేనేళ్లుగా ఊరందరి ముఖాలూ తీసిన మనిషి, మర్నాడు పొద్దున గాంధీరోడ్డులోని పోటీ స్టూడియోకు పోయి, తలకు నీళ్లు రాసి దువ్వుకుని వరుసలో నిలబడ్డాడు.